పొందూరి చిలప

మా గజపతినగరమునుండి గుడ్డలు కొనుటకై విజయనగరమునకు బోవువారు నిత్యము వందలకొలది యుందురు గాని, నూలు కొనుటకై యూరు దాటినవారిని నేనెఱుగను. నేను మొన్న పోయితిని. కారణము చెప్పెదను. మా యింట తాతగారి నాటి ట్రంకుపెట్టె యడుగున, ఎండిన వేపాకుల నడుమ, నాలుగు మడతలుగా నుంచిన పొందూరు పంచె యొకటి యున్నది. ఎన్ని యేండ్లుగానో ఒకే మడతమీద నుండుటచేత ఆ మడత వెంబడి బెత్తెడు మేర నేత చీకి విడిపోయినది. దానిని రఫూ చేయింపదలచి సంతవీథిలోని కుట్టుపనివానికి చూపగా, అతడు బట్టను వెలుతురుకు పట్టి, వేళ్లతో తడిమి, తిరిగి నా చేతిలో పెట్టి యిట్లనెను: "మిల్లు దారంతో కుడితే దారం ఉంటాది బాబూ, గుడ్డ ఉండదు. కోసీసుద్ది. దీని నూలే తెండి."

ఆ మాట పట్టుకొని బయలుదేరితిని.

మా తాలూకాలో నూలుమిల్లు లేదు, దగ్గఱనున్నది నారమిల్లు. మా యూరి ప్రక్కగా ప్రవహించు చంపావతియే దిగువన నెల్లిమర్లకు జేరును. అచ్చటి జూట్ మిల్లు పొగగొట్టము రైలులో పోవువారి కెల్లరకును గుర్తు. మా మెట్టపొలముల గోగు, కట్టలుగా చెరువులలో నాని కుళ్లి, నారయై బండ్లమీద ఆ దారినే పోయి, గోనెసంచియై మరల మా ధాన్యపు కొట్లకు వచ్చుట నా బాల్యమునుండియు చూచుచున్నదే. కావున నూలనగా పెద్ద కప్పు క్రింద, పెద్ద చప్పుడుతో, దుమ్ముతో పుట్టు పదార్థమను భావము నా మనస్సున నాటుకొని యుండెను. విజయనగరమున పాసింజరు బండి నెక్కి, నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, బాతువ, సిగడాము దాటి పొందూరు స్టేషనులో దిగి, ఊరిలోని సాలెవీథిలో నడచుచున్నప్పుడు గాని ఆ భావము పోలేదు. అచ్చట చప్పుడే లేదు. మగ్గమున్న యింటినుండి మాత్రము పలక కొట్టిన చప్పుడు తెఱలుతెఱలుగా వినవచ్చును. నూలు పుట్టు ఇంటినుండి వచ్చునది తుమ్మెద ఝంకారమువంటి సన్నని రొద మాత్రమే. ఆ రొదయే పొందూరి నూలుమిల్లు. దానికి కప్పు వసారా. దానికి యంత్రము 24 ఆకుల చక్రముగల రాట్నము. దానికి యజమానియు కూలియు నొక్కతియే, వసారా గోడకు వీపానించి చాపమీద గూర్చున్న ఆడుది.

ఉత్తర సర్కారులలో శికాకోలు పేర సన్నబట్టలు ప్రసిద్ధి కెక్కి సముద్రము దాటి పోయిన కాలమొకటి యుండెను. మాంచెస్టరు మరనూలు దిగుమతి యైన పిదప దేశమందలి రాట్నములు పెక్కు చోట్ల అటకలెక్కినవి. పొందూరిలో మాత్రము ఎక్కలేదు. ఎందుచేత ననగా, ఇచ్చటి స్త్రీలు, ముఖ్యముగా పట్టుసాలి కుటుంబములవారు, తీయు నూలంత సన్ననిదానిని ఇచ్చటి పొట్టిపింజె పత్తినుండి తీయుట యే మరకును చేతకాలేదు. స్వరాజ్యోద్యమ కాలమున ఈ బట్ట గాంధీమహాత్ముని దృష్టికి వచ్చెను. ఇది నిజముగా చేతితో వడికినదేనా, ఎట్లు వడికెదరు, కన్నులార చూచి రమ్మని ఆయన 1921లో తన కుమారుడు దేవదాసు గాంధీని పొందూరికి పంపెను. మహాత్ముడు పంపినది తన కొడుకునే యనుటకంటె, పంపినది నూలు చూచుటకనుట నా కెక్కువ ముఖ్యముగా తోచును. తరువాతి తరములలో నాయకులు, కవులు, అక్కినేని నాగేశ్వరరావుగారివంటి నటులు ఈ పంచెను కట్టి కీర్తి తెచ్చిరి. అందఱును బట్టను మెచ్చిరి. 1949లో స్థాపితమైన ఆంధ్ర సన్నఖాదీ కార్మికాభివృద్ధి సంఘము నేటికిని వడుకువారికి పత్తి నిచ్చి నూలు తీసికొనుట, నేతవారికి నూలునిచ్చి బట్ట తీసికొనుట యను పని నడపుచున్నది.

నేను పోయిన యింటిలో నొక ముసలమ్మ పత్తి ఏరుచుండెను. ఏరుట యన్నంతమాత్రమున బియ్యమేరుట వంటిదని తలపరాదు. ఆమె చేతిలోనిది వాలుగచేప దవడ. గోదావరి ప్రాంతమునుండి తెప్పించు ఈ దవడయెముకను చిన్న పుల్లకు దారముతో బిగియగట్టి పిడిగా చేసికొందురు. దానిని నేను చేతిలోనికి తీసికొని చూచితిని. చిటికెనవ్రేలి మందమైనను లేని యెముకమీద, సూదిమొనలవంటి దంతములు వందలు, దట్టముగా, లోపలికి వాలి యున్నవి. ఒక దిక్కుగా వ్రేలితో రాచిన నునుపు, ఎదురుగా రాచిన నెత్తురు వచ్చును. నీటిలో జారిపోవు చేపను పట్టి విడువకుండుటకై సృష్టి యొసగిన ఆ వాలుపండ్లే ఇచ్చట గింజనంటియున్న పత్తి పింజెను పట్టి, పీచు తెగకుండ దువ్వి, ఆకుముక్కను, నుసిని వెలికి దీయుచున్నవి. ఆమె ఒక్కొక్క గింజను బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నుంచుకొని నాలుగైదు మార్లు దువ్వును. దువ్విన పిదప ఆ గింజచుట్టును పీచు, తల దువ్వుకొని పూలు ముడుచుకొన్న బాలికవలె, ఒకే తీరుగా నిలుచును. ఒక పంచెకు ఇట్టి గింజలెన్ని దువ్వవలయునో లెక్కపెట్టబోయి మానుకొంటిని.

పిమ్మట చిన్న పీటమీద పత్తినుంచి సన్నని యినుపకడ్డీని దొర్లించిన గింజ ముందునకు దుమికిపడును, దూది వెనుక నిలుచును. ఆ దూదిని సాగదీసి, చిన్న వింటి నారితో ఏకి, పొగమంచువలె తేలునట్లు చేసి, పుల్లమీద చుట్టి ఏకులు కట్టుదురు. ఏకై వచ్చి మేకై కూర్చున్నట్లని మనము సామెత చెప్పుదుము గాని, ఆ ఏకెంత మెత్తనిదో చేతబట్టి చూచినవారు మనలో నెందఱు? కట్టిన ఏకులను ఎండిన అరటిడొప్పలో చుట్టి యుంచుదురు. వడుకునప్పుడును డొప్పతోనే పట్టుకొందురు. చేతిచెమట తగులరాదు, గాలికి పింజె చెదరరాదు. అరటిడొప్పలోపలి నునుపునకు సాటియైన కాగితము లేదని ఆమె చెప్పెను.

కొండపత్తి, పునాసపత్తి, ఎఱ్ఱపత్తి యని ఇచ్చట వాడుక. మిల్లులకు వలయునది పొడవు పింజె. ఈ నాటుపత్తులది పొట్టి పింజె. మర తన వడిలో పొట్టి పింజెను లాగిన తెగును. మనిషి చేయి లాగునప్పుడు తెగబోవుచోటు వ్రేలికి ముందే తెలియును. అచ్చట చక్రము నెమ్మదించును, ఎడమచేయి వెనుకకు జరుగుట ఆగును, పురి పడును, మరల చేయి సాగును. ఈ తెలివి పుస్తకమునకు లొంగదు. గొఱ్ఱెబొచ్చు వడుకువారికి ఇంత యిబ్బంది లేదు. బొచ్చునకు సహజముగానే నొక్కులును పొలుసులును ఉండుటచేత పోగునకు పోగు తానై అల్లుకొనును, దానిలోని జిడ్డు వడుకు చేతికి సాయపడును. కంబళులు నేయు గొల్ల, కురుబ కుటుంబములలో స్త్రీలు మాటలాడుకొనుచునే ఉన్నిని వడుకుట అందుచేతనే. పత్తి వడుకునామెతో మాటలాడవలెనన్న ఆమె రాట్నమాపువఱకు వేచియుండవలసినదే.

చేపదవడతో పత్తి దువ్వు విద్య పొందూరికి మాత్రమే చెందినదని పలువురు వ్రాయుదురు. నేడు అట్లే యుండవచ్చును గాని, పూర్వము ఢాకాలో మస్లిను వడుకు స్త్రీలును ఇదే చేప దవడను వాడిరి. బెంగాలీలు 'బోయాల్' అనునదియు మన వాలుగయు నొక్కటే. ఢాకాలో వైద్యుడుగా నుండిన జేమ్సు టెయిలరు ఆ పట్టణపు పత్తిపరిశ్రమను గూర్చి వ్రాసిన గ్రంథము 1851లో వెలువడినది. అందు ఈ దవడదువ్వెన వర్ణితమై యున్నది. అక్కడివారు ఏకులను దాచుటకు నున్నని చేపచర్మమును వాడిరట, మనవారు అరటిడొప్పను. ఆ 1851లోనే లండనులో జరిగిన మహాప్రదర్శనమున మన ఏలూరి ఉన్ని తివాచీలును ఉంచబడినవి. తివాచీని చూచి అబ్బురపడిన ఆ జనము, ఏలూరి వీథులలో ఆ ఉన్ని వడికిన చేతులను గూర్చి యడిగిరో లేదో! బట్టకు దక్కిన పేరు నూలునకు ఎన్నడును దక్కలేదు. నాకీ విషయమున బాధ కలదు.

ఒక్క కాలమున మాత్రము నూలునకు నాణెముతో సమానమైన గౌరవము కలిగెను. 1921 మార్చి, ఏప్రిలు నెలల సంధిలో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశము దేశమున 20 లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించెను. 1924లో గాంధీజీ అధ్యక్షులుగా బెల్గాములో జరిగిన మహాసభ యింకను ముందునకు పోయి, కాంగ్రెసు సభ్యుడు చందా రూపాయలలో గాక నూలుతో చెల్లింపవలెననియు, నెలకు 2,000 గజములు ఈయవలెననియు నిర్ణయించెను. నూలు నంబరనగా నేమో యెఱిగినవారికి ఇందలి సొగసు తెలియును. 840 గజముల చిలపలు ఎన్ని కలిసిన ఒక పౌను తూగునో ఆ సంఖ్యయే నూలు నంబరు; సంఖ్య పెరిగిన కొలది నూలు సన్నము. 10వ నంబరు ముతకనూలు వడుకువాడు చెల్లింపవలసిన 2,000 గజములు తొమ్మిది తులములకు పైగా తూగును. 100వ నంబరు వడుకు పొందూరి స్త్రీ తీసిన 2,000 గజములు ఒక తులము కూడ తూగవు. దూది పదవ వంతు. శ్రమ యెన్ని రెట్లో చెప్పనేల?

పొందూరిలో 100 మొదలు 120 నంబరు వఱకు నూలు తీయుదురు. ఖాదీలెక్కలో చిలప 1,000 మీటర్లు. 100వ నంబరు చిలప తూకము అరతులము, అనగా ఆరు గ్రాములకు ఏమాత్రమో తక్కువ. కిలోనూలు నిడివిగా పఱచిన 169 కిలోమీటర్లగును. గజపతినగరమునుండి విశాఖపట్టణమునకు పోయి మరలి వచ్చు దూరము ఇంచుమించు అంతయే. ఈ లెక్కను నేను ఆ వసారాలోనే, ఒక కాగితపు ముక్కమీద వేసికొని, మూడుమార్లు సరిచూచుకొంటిని.

ఇంతలో ముసలమ్మ పత్తి ప్రక్కకు నెట్టి రాట్నము ముందునకు జరిగెను. కోడలు కాబోలు, ఒకామె చెంబుతో మజ్జిగ తెచ్చి నా ముందుంచెను. నేను వచ్చిన పని చెప్పితిని.

"నూలా? పంచీలు కొంటారు గాని నూలెవులు కొంటారు బాబూ?" అని ముసలమ్మ నవ్వెను. పంచె కథ విన్నది. తరువాత కదురుప్రక్క నున్న చిలపలను చూపి, "ఇది నాది కాదు. పత్తి ఆల్లిచ్చినది, లెక్క ఆల్లది. వడికి అప్పగించాల. ఒక పోగు తగ్గినా మాట పోద్ది" అనెను. నేను లేవబోవుచుండగా చేయి చూపి నిలిపెను. జందెములకు నూలు కావలెనని పంతుళ్లు వచ్చి యడుగుదురట. అందుకై తాను సొంతముగా కొన్న పత్తితో రెండు చిలపలు తీసి గూటిలో నుంచినదట. అందొకటి తెచ్చి నా చేతిలో పెట్టెను.

వెల యడిగితిని. ఆమెకు వెంటనే తోచలేదు. పంచెకు వెల కలదు, చీరకు వెల కలదు, సంఘమునకిచ్చు చిలపకు కూలి కలదు; ఊరుకాని యూరివాడు వచ్చి చేతి నూలడిగిన దానికి వెల యేది? కోడలితో ఏదో మాటలాడి, చివరకు, "ఊడుపులకెళ్తే ఒక పూటకి ఏటిస్తారో అది ఇయ్యండి" అనెను. ఎక్కువ ఈయబోతిని, తీసికొనలేదు. అరతులము దూదికి ఒక పూట యెండలో నడుము వంచిన కూలి! ఇది యెక్కువయని తలచువాడు ఆ చేపదవడను ఒక గడియసేపు చేతబట్టి చూచుగాక. నాకు తక్కువయనియే తోచినది, ఇప్పటికిని తోచుచున్నది. సన్నఖాదీ పంచె ధర విని నొసలు చిట్లించు మన పెద్దమనుషులు, ఆ ధరలో గింజ దువ్విన పూటయెంత, ఏకు చుట్టిన పూటయెంత, వడికిన పూటయెంత అని యొక్కమారైనను విడదీసి యడిగినచో బాగుండును. పొందూరిలో పడుచువారు రాట్నము ముందు కూర్చుండుట తగ్గినది. కూర్చుండుమని చెప్పుటకు మనకు నోరెక్కడిది, పూటకూలి గిట్టని పనికి?

"గట్టిగా లాక్కండి బాబూ, తెగిపోద్ది. తడిసేత్తో ముట్టుకోకండి" అని గడపదాక వచ్చి చెప్పి, చిలపను అరటిడొప్పలో చుట్టి, డొప్పమీద వట్టి గడ్డిపోచతో కట్టి యిచ్చెను.

తిరుగుబండిలో నేను ఆ పొట్లమును జేబులో నుంచుకొనుటకు మనసొప్పక చేతనే పట్టుకొని కూర్చుంటిని. బరువున్నట్లే లేదు. చంద్రునికొక నూలుపోగని పెద్దలు విదియనాడు చీరకొంగునుండియో, ఉత్తరీయమునుండియో ఒక పోగు లాగి ఆకసమున కర్పించుట చిన్నప్పుడు చూచితిని. ఇంత గొప్పవానికి ఇంత చిన్న కానుకయా యని అప్పుడనుకొన్నవాడను.

మఱునాడు కుట్టుపనివాడు డొప్ప విప్పి చాలసేపు చూచెను. ఒంటిపోగు సూదికి నిలువలేదు, రెండుమార్లు తెగినది. అప్పుడతడు భార్యను పిలిచి పలుచని గంజి కాచి తెమ్మని, నాలుగు పోగులు కలిపి తొడమీద పేని, గంజిలో ముంచి నీడను ఆఱబెట్టెను. ఆఱిన పిదప పంచెను చట్రమునకు బిగించి, పడుగు వెంట పడుగు, పేకకు పేక, సాయంకాలమువఱకు ఎక్కించెను. పాతనేత మీగడరంగుకు తిరిగినది, క్రొత్తపోగు ఇంకను తెలుపు. కావున అతికినచోటు వెలుతురులో స్పష్టముగా కనబడుచున్నది. నాలుగైదు ఉతుకులకు కలిసిపోవునని అతడనెను. చిలపలో పదోవంతైనను ఖర్చు కాలేదు. మిగిలినదానిని మరల ఆ డొప్పలోనే చుట్టి, పంచెను ఈమారు మడత మార్చి, రెంటిని వేపాకులలో నుంచితిని.