ఎఱ్ఱసిరా

నేను బోయిన్‌పల్లిలో చిరకాలము తెలుఁగు బోధించితిని. ఒకనాఁడు కూరగాయల మార్కెట్టును గూర్చి వ్యాసము వ్రాయుఁడనఁగా ఒక బాలుఁడు "మా నాయిన పొద్దుగాల్నే మార్కెట్టుకు వొచ్చిండు" అని వ్రాసెను. పండితులకడ వ్యాకరణము చదివినవాఁడను గావున ఆ వాక్యమును ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిని. ఆ బాలుఁడు మఱెన్నఁడును తన యింటిమాట వ్రాయలేదు. ఆనాఁడు నాకు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు స్మరణకు రాకపోయిరి.

పంతులుగారు 1863లో జన్మించి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. సమీపపుఁ గొండలలోని సవరల భాషను నేర్చి, వారి బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పుటకై పుస్తకములు వ్రాసి, సొంతసొమ్ముతో బడులు పెట్టిరి. ప్రభుత్వము పారితోషికమీయఁబోఁగా, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుఁడనిరఁట.

ఇంటిభాష సవరబిడ్డకు మెట్టైనచోఁ దెలుఁగుబిడ్డకేల కాదు? 1906 ప్రాంతమున పాఠశాలల తనిఖీ అధికారియగు యేట్సుదొరకును ఇట్టి సందేహమే కలిగెను. పంతులుగారును, గురజాడ అప్పారావుగారును ఆయనతోఁ గలిసిరి. 1911లో పంతులుగారు అధ్యాపకపదవి విడిచి యీ యుద్యమమునకే యంకితులైరి. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యావహారికమున వ్రాయుటకు అనుమతి లభించెను. కాని జయంతి రామయ్యపంతులుగారు మున్నగువారు తీవ్రముగా నెదిరింపఁగా 1915లో ప్రభుత్వము దానిని రద్దుచేసెను.

పండితుల భయము నిష్కారణము కాదు. మాట ఊరూర మాఱును. వ్రాత యందఱకు నొక్కటిగా నుండవలెనని వారి వాదము. ఆ నియమములను వ్రాయు పండితులే పాటింపలేకున్నారని పంతులుగారు వారి గ్రంథములనుండియే చూపిరి. 1919లో 'తెలుఁగు' అను పత్రికను నడపిరి. 1940లో కీర్తిశేషులైరి. అధికారులు త్రోసిపుచ్చిన వ్యావహారికమే నేఁడు మన పాఠ్యపుస్తకముల భాష. ఆయన జన్మదినమగు ఆగస్టు 29 తెలుఁగు భాషాదినోత్సవము.

అయినను ఆ పుస్తకములలో నా శిష్యుని "వొచ్చిండు" లేదు. గెలిచిన భాషయు ఆ బాలుని యింటికి దూరముగనే నిలిచినది. నేనా, యిప్పటికిని గ్రాంథికముననే పలుకుచున్నాను, అభ్యాసము విడువదు. కాని ఉపాధ్యాయ సోదరులకు నాదొక విన్నపము. బాలుని మాటను కొట్టివేయుటకు ముందు, అది తప్పా, లేక మన మెఱుఁగని యింటి మాటయా యని వానినే యడుగుఁడు. నేను అడుగలేదు.