కారంపూడికి కదిలే కత్తులు

కార్తీకం చివరికొచ్చేసరికి పల్నాటి పల్లెల్లో, పల్నాటి వీరుల్ని కొలిచే వీరాచారం పాటించే ఇళ్లలో హడావుడి మొదలవుతుంది. ఏడాదంతా పూజలో ఉన్న కత్తిని కిందికి దించుతారు. తోమి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, పూలు చుడతారు. ఆ కత్తి పేరున ఇంటిల్లిపాదీ మొక్కుకుని, వండుకున్నది దానికి చూపించి, ఆ తర్వాతే తాము తింటారు. అప్పుడు దాన్ని భుజానికెత్తుకుని కారంపూడి దారి పడతారు. కొణతాలని పిలుచుకునే ఈ ఆయుధాలు కృష్ణకు ఇవతలి ఊళ్ల నుంచే కాదు, నల్గొండ వైపు నుంచీ వస్తాయి. తాతలు నడిచొచ్చిన దారుల్లో మనవలు ఇప్పుడు ట్రాక్టర్ల మీద, ఆటోల్లో వస్తున్నారు. కత్తిని మాత్రం అప్పుడూ ఇప్పుడూ సామాన్ల మధ్య పడెయ్యరు. అది మనిషి చేతిలోనే ఉంటుంది.

పన్నెండో శతాబ్దం చివర్లో జరిగిన అన్నదమ్ముల యుద్ధం ఈ ప్రయాణానికి మూలం. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. ఆయన పక్కన నాయకురాలు నాగమ్మ, ఈయన పక్కన బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మలిదేవుడి వర్గం ఏడేళ్లు వలస పోవడం, గడువు తీరాక రాజ్యం అడిగితే ఇవ్వకపోవడం, చివరికి కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున రెండు సేనలూ తలపడటం ఇక్కడ చదువు రానివాళ్లకూ కంఠతా వచ్చిన సంగతులు. చరిత్రకారులు ఈ యుద్ధాన్ని 1180 ప్రాంతంలో పెడతారు. గెలిచినవాళ్లకు మిగిలింది కూడా పెద్దగా లేదు. బ్రహ్మనాయుడు పిడుగురాళ్ల దగ్గరి గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని జనం నమ్మకం.

కారంపూడిలోని వీరుల గుడిలో యుద్ధంలో పడిపోయిన వీరులు లింగాలై ఉన్నారు. బ్రహ్మనాయుడు చెన్నకేశవుడి భక్తుడు, ఆయన మనుషులు వైష్ణవం పుచ్చుకున్నవాళ్లు. అయినా చనిపోయాక లింగరూపంలో పూజలందుకుంటున్నారు. ఈ రెండూ పక్కపక్కనే ఎలా ఇమిడాయని పల్నాట ఎవరూ తగవు పెట్టుకోలేదు.

కార్తీక అమావాస్యకు మొదలయ్యే ఉత్సవం ఐదు రోజులు సాగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని రోజుకో పేరు. ఆయుధాలను నాగులేటికి తీసుకెళ్లి స్నానం చేయిస్తారు, అంకాలమ్మ గుడికీ చెన్నకేశవస్వామి గుడికీ తిప్పుతారు. బ్రహ్మనాయుడిది నృసింహకుంతం, కన్నమదాసుది భైరవఖడ్గం. వాటికి పేర్లున్నాయి, ఊరేగింపులో వాటి చోటు వాటిదే. జనం వాటికి ఎదురొచ్చి మోసేవాళ్ల కాళ్ల మీద నీళ్లు పోసి మొక్కుతుంటే, చూసేవాడికి అవి ఇనుము అన్న సంగతి గుర్తుండదు.

రెండో రోజు రాయబారం. వలస గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి గురజాల వెళ్లిన అలరాచమల్లు తిరుగుదారిలో చర్లగుడిపాడు దగ్గర విషప్రయోగానికి బలైన కథ ఆ రోజు సాగుతుంది. అతను నలగాముడికి స్వయానా అల్లుడు. ఇంటి అల్లుణ్ని విషంతో చంపిన కథ వింటూ ఆ రాత్రి గడుస్తుంది. తెల్లారితే మందపోరు. వలసలో ఉన్నప్పుడు ఆవుల మంద మీద జరిగిన దాడి, దాన్ని కాయబోయి ప్రాణం విడిచిన లంకన్న కథ ఆ రోజుది. చాపకూడు కూడా ఆ రోజే. విషం కథ విన్న మర్నాడే అందరూ ఒకే కుప్పలోంచి కలుపుకుని తింటారు. ఈ వరస పెట్టినవాళ్ల మనసులో ఏముందో గానీ, ఐదు రోజుల్లోనూ నాకు అన్నిటికన్నా లోతుగా కనిపించేది ఈ మలుపే.

చాపకూడంటే పేరులో ఉన్నదే. చాపలు పరిచి అన్నం రాశి పోస్తారు, చుట్టూ కూర్చున్నవాళ్లు కులం అడక్కుండా తింటారు. బ్రహ్మనాయుడు తన మనుషులందర్నీ ఇలాగే కూర్చోబెట్టాడని కథ. మాల కన్నమదాసును కొడుకుగా చూసుకుని సేనాధిపతిని చేసినవాడాయన. ఆయన కొడుకు బాలచంద్రుడు తమ్ముళ్లని పిలుచుకుని వెంట తిప్పుకున్న తోటివాళ్లలో బ్రాహ్మణుడైన అనపోతు నుంచి కుమ్మరి, మంగలి, చాకలి పిల్లల వరకూ ఉన్నారు. యుద్ధానికి వెళ్లేముందు కలిసి తిన్నారు, ఆ యుద్ధం కోసమే ప్రాణాలు విడిచారు.

ఆ కాలమే అలాంటిది. శ్రీరంగంలో రామానుజుల మాట అప్పటికే ఊళ్లు దాటింది. కల్యాణంలో బసవన్న శరణులు ఒకే పంక్తిలో కూర్చున్నది బ్రహ్మనాయుడి తరానికి కాస్త ముందే. పూరీ ఆనందబజారులో జగన్నాథుడి మహాప్రసాదాన్ని ఇవాళ్టికీ కులభేదం లేకుండా పంచుకుని తింటారు. దక్షిణాదిలో ఇలాంటి గాలి వీస్తున్న రోజుల్లో పల్నాడు ఊరికే కూర్చోలేదు. ఒక్కపూట పక్కపక్కన కూర్చుంటే కులం పోతుందా అని అడిగేవాళ్లున్నారు. పోలేదు, అది కళ్లెదుటే ఉంది. అయినా ఏటేటా ఒక ఊరు ఊరంతా చేరి, ఇలా తినడమే మా వీరుల మాట అని నలుగురిలో చెప్పుకోవడాన్ని నేను చిన్నదిగా చూడలేను. మర్చిపోయిన మాటను ఎవరూ నిలదీయలేరు. గుర్తుంచుకున్న మాటను పట్టుకుని ఎవరైనా అడగొచ్చు.

ఆ చాప మీద తెల్లన్నం పొయ్యడం వెనక మరో చరిత్ర ఉంది. ఇది మొదట్నుంచీ మెట్ట సీమ. జొన్న, సజ్జ తప్ప మరోటి దొరకదని శ్రీనాథుడు విసుక్కున్నట్టు చాటువులు చెప్పుకుంటారు. 1955లో నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడి, 1967లో కాలువలకు నీళ్లు వదిలాక కుడికాలువ కింద వరి పొలాలు పరుచుకున్నాయి. అంతకుముందు ఇక్కడి ఇళ్లలో వరన్నం పండగ నాటి మాట. ఈ చేలల్లో ఇప్పుడు మిరప, పత్తి ఎంత కనిపించినా, పల్నాటి పెద్దవాళ్ల నోట జొన్నసంగటి, గోంగూర, ఎర్రకారం రుచి పోలేదు.

కత్తుల చుట్టూ అల్లుకున్న ఈ కొలువు ఎంత పాతదో చెప్పే సాక్ష్యం ఓరుగల్లులో దొరుకుతుంది. పదిహేనో శతాబ్దం తొలినాళ్ల క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధిలో పల్నాటి వీరుల కథ పాడే దృశ్యం ఉంది. యుద్ధం జరిగిన రెండు మూడు వందల ఏళ్లకే ఆ కథ కృష్ణ దాటి వీరగాథగా స్థిరపడిపోయిందన్నమాట. శ్రీనాథుడి పేరున ఉన్న ద్విపద కావ్యం పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి 1911లో అచ్చువేయించారు. అచ్చులోకి వచ్చాక చదువుకున్నవాళ్లు దాన్ని కావ్యంగా చూశారు. ఊళ్లో మాత్రం అది వీరవిద్యావంతుల గొంతులోనే బతికింది. మాల కులంలోని ఈ గాయకులు పంబజోడు మోగిస్తూ రాత్రుళ్లు కథ నడుపుతుంటే, ఆచారవంతులు ఆయుధాలు పట్టి ఆడతారు. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘేర్ 1970ల్లో పల్నాటికొచ్చి అలిశెట్టి గాలెయ్య పాడిన కథను రికార్డు చేసి, ఇంగ్లీషులోకి మార్చి 1982లో పుస్తకంగా తెచ్చాడు. ఒక విద్యావంతుడి గొంతు ఆక్స్‌ఫర్డ్ అచ్చులోకెక్కడం మామూలు సంగతి కాదు. గాలెయ్య పేరు మన పాఠాల్లో ఉండాల్సింది.

ప్రాణం లేని వస్తువును ఇంటిమనిషిలా ఊళ్లు తిప్పడం ఒక్క పల్నాటికే చెందిన పని కాదు. ఇవాళ పిల్లల చంకనెక్కి ప్రయాణాలు చేసే, పుట్టినరోజున కేకు ముందు కూర్చునే టెడ్డీబేర్ కూడా ఒక వేటలోంచే పుట్టింది. 1902 నవంబరులో మిసిసిపీ అడవిలో చెట్టుకు కట్టేసిన ఎలుగును కాల్చమంటే అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కాల్చలేదు. దెబ్బలు తిని విలవిల్లాడుతున్న దాన్ని బాధ తీరేలా కత్తితో చంపెయ్యమన్నాడు. ఆ సంగతి మీద క్లిఫర్డ్ బెర్రిమన్ కార్టూన్ వేశాడు. దాన్ని చూసి బ్రూక్లిన్‌లో మారిస్ మిక్టమ్ దంపతులు గుడ్డతో ఎలుగుబొమ్మ కుట్టి కొట్లో పెట్టారు. నిజం ఎలుగు చచ్చిపోయింది, పేలని తుపాకీ మాత్రం బొమ్మగా మిగిలింది. కారంపూడి కత్తుల పుట్టుక అంతకన్నా రక్తంలో తడిసింది. అయినా రెండుచోట్లా మనిషి చేసింది ఒకటే. చంపడం దగ్గర మొదలైనదాన్ని తెచ్చుకుని తన పంక్తిలో కూర్చోబెట్టుకున్నాడు.

నాలుగో రోజు కోడిపోరులో బ్రహ్మనాయుడి చిట్టిమల్లు, నాగమ్మ సివంగిడేగ మళ్లీ బరిలోకి దిగుతాయి. జనం ఎక్కువగా పోగయ్యేదీ, పత్రికల్లో ఫొటోలు పడేదీ ఆ రోజే. ఐదో రోజు కళ్లిపాడు. కథ యుద్ధఘట్టానికొచ్చేసరికి ఆయుధాలు పట్టినవాళ్లు ఆడుతూ ఆడుతూ ఒక్కొక్కరే నేలకొరుగుతారు. వీరుడి పేరు పలికి, తీర్థం చల్లి లేపుతారు. ఆ తర్వాత ఎవరి కొణతం వాళ్లు ఎత్తుకుని ఊళ్లకు మళ్లుతారు.

2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలోనే కారంపూడి ఉంది. పిడుగురాళ్ల నుంచీ, మాచర్ల నుంచీ బస్సులున్నాయి. చాలామంది కోడిపోరు చూసి తిరిగొచ్చేస్తారు. ఒక్కరోజే వీలుపడేవాళ్లు మందపోరు రోజుకు వెళ్లండి, దూరాన నిలబడి ఫొటోలు తీసుకుని వచ్చెయ్యకుండా చాప దగ్గర చోటు అడిగి కూర్చుని తినండి.