వాకిటి పలక

1993లో అమెరికాలోని ఎంఐటీ యందు మాథ్యూ గ్రే అను విద్యార్థి, వెబ్బు ఎంత పెరిగినదో లెక్కించుటకై ‘వాండరర్’ అను ప్రోగ్రామును సంచారమునకు విడిచిన నాటినుండి సర్వర్ల యజమానులకు పిలువని పేరంటాండ్ర రాక మొదలైనది. ఒక లంకెను పట్టి మఱియొక పుటకు ప్రాకుచు, విరామము లేక పుటలనడుగు ఇట్టి యంత్రముల ధాటికి ఆనాటి బక్కప్రాణపు సర్వర్లు తాళజాలకుండెను. ఇంగ్లండులో నెక్సర్ సంస్థయందుండిన మార్టిన్ కోస్టర్ 1994లో దీనికొక కట్టుబాటును ప్రతిపాదించెను. తాను వ్రాసిన అల్లరి ప్రోగ్రామే ఆతని విసుగునకు కారణమని, తరువాత నవలాకారుడైన చార్లెస్ స్ట్రాస్ చెప్పుకొనును.

ఆ కట్టుబాటు స్వరూపము అత్యల్పము. సైటు వాకిట ‘రోబోట్స్.టీఎక్స్‌టీ’ అను ఫైలు. అందు ‘యూజర్-ఏజెంట్’ అని వచ్చువాని పేరు, దాని క్రింద ‘డిస్‌అలౌ’ అని త్రొక్కరాని దారి. ఆ రెండవ మాట తరువాత ఏమియు వ్రాయనిచో ఇల్లంతయు బార్లా తెఱచినట్లు. ఒక్క ఏటవాలు గీత గీసినచో గడపయే దాటరాదు. ఇది తాళము కాదు, విన్నపము మాత్రమే. దీనికి ప్రమాణపత్రము 2022లో గాని రాలేదు. 28 ఏండ్లు మర్యాద మీదనే నడచినదన్నమాట!

కోస్టరునకు నిషేధమే ప్రియమని తలపరాదు. 1993 నవంబరులో ఆతడే ‘అలివెబ్’ అను సూచికను ప్రకటించి, తమ పుటల వివరములను యజమానులే వ్రాసియుంచినచో వచ్చి కొనిపోదునని కోరియుండెను. వ్రాయు ఓపిక కొలదిమందికే కలిగినది. ఆ ఆహ్వానము 2005లో గూగుల్ ప్రవేశపెట్టిన సైట్‌మ్యాప్‌తో మరల వచ్చెను: ఒక్కొక్క పుట చిరునామాయు, అది కడపట మాఱిన దినమును, ఒక పట్టికలో 50,000 వఱకు. మరుసటి యేట యాహూ, మైక్రోసాఫ్ట్ కూడ సమ్మతించినవి. 2007 నుండి ఆ పట్టిక జాడను రోబోట్స్ ఫైలులోనే వ్రాయవచ్చును. ‘రావలదు’ అనుటకు పుట్టిన పలకమీదనే ‘రండు’ అను మాట చేరుట నాకు మిక్కిలి ముచ్చట.

తెలుగు పుటల గతి వేఱు. యూనికోడు వ్యాపింపకమునుపు మన పత్రికల సైట్లు పెక్కు సొంత ఫాంట్లతో వెలువడుచుండెను. ఆ ఫాంట్లు రోమనక్షరముల స్థానములలో తెలుగు రూపములను నిలిపినవగుటచే, పాఠకుని తెరపై ‘అమ్మ’ యని కనబడునది యంత్రమునకు అర్థములేని గుర్తుల పోగు. వాకిలి తెఱచియున్నను, వచ్చిన అతిథికి లిపి తెలియదు. ‘అమ్మ’ యని యూనికోడులో టైపు చేసి వెదకినవానికి ఆ పుట దొరకెడిది కాదు.