లౌడుస్పీకరు పరీక్షలు: ఒక చరిత్ర

పెళ్ళిపందిట్లో గాని, ఊరి సభలో గాని కార్యక్రమం మొదలుకాక ముందే మైకుసెట్టు మనిషి ఒకడు ముందుకు వచ్చి, మైకును వేలితో రెండుసార్లు తట్టి, "హలో, మైక్ టెస్టింగ్, వన్, టూ, త్రీ" అంటాడు. చెట్టుకు కట్టిన బాకాలోంచి ఆ మాట స్పష్టంగా వినబడితే పరీక్ష ముగిసినట్లే. మన వాడుకలో చెట్టుమీది బాకాను కూడా మైకే అంటారు. నిజానికి మైకు మాటను విద్యుత్తుగా మారుస్తుంది, బాకా ఆ విద్యుత్తును తిరిగి మాటగా మారుస్తుంది. రెండింటికీ ఒకే పేరు పెట్టినందువల్ల మాటల్లో నష్టమేమీ లేదు గాని, శబ్దం చెడినప్పుడు మాత్రం చిక్కు వస్తుంది. తప్పు మైకుదా, తీగదా, ఆంప్లిఫయరుదా, స్పీకరుదా, లేక ఆ పందిరిదా? కంప్యూటరు ముందు కూర్చున్నవారికీ, చేతిలో ఫోను పట్టుకున్నవారికీ నేడు ఎదురవుతున్నది ఈ ప్రశ్నే. గొలుసులో చివరి కడియం స్పీకరు కనుక నింద దానిమీదనే పడుతుంది. ఆ నింద ఎంతవరకు న్యాయమో తేల్చే ఉపాయాలు ఒక్కరోజున పుట్టినవి కావు.

దాదాపు ఏ స్పీకరును విప్పి చూసినా కనిపించే సామగ్రి ఒకటే. ఒక అయస్కాంతం, దాని సందులో స్వేచ్ఛగా కదిలే సన్నని తీగచుట్ట, ఆ చుట్టకు అతికించిన కాగితపు శంకువో, ప్లాస్టిక్ పొరో. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినప్పుడు అది అయస్కాంత క్షేత్రంలో ముందుకో వెనక్కో నెట్టబడుతుంది. విద్యుత్తు దిశ మారితే కదలిక దిశ మారుతుంది. పొర గాలిని నెడుతుంది. గాలి మన చెవిని తాకుతుంది. ఈ ఏర్పాటును జర్మనీకి చెందిన వెర్నర్ సీమెన్స్ 1874లోనే పేటెంటు పత్రంలో వర్ణించాడు. అప్పటికి బెల్ టెలిఫోను ఇంకా రాలేదు, అది 1876 నాటిది. సీమెన్స్ 1877లో ఆ తీగచుట్టకు బాకావంటి పొరను జోడించి మరొక పేటెంటుకు దరఖాస్తు కూడా చేశాడు. అయినా దానినుండి పాట పుట్టలేదు. కారణం సులభమైనదే. దానిని కదిలించగల బలమైన విద్యుత్ సంకేతం ఆనాడు లేదు. 1906లో లీ డి ఫారెస్ట్ మూడు ఎలక్ట్రోడుల వాల్వును తయారుచేసి, తరువాతి సంవత్సరాలలో అది సంకేతాలను పెంచగలదని తెలిసేవరకు స్పీకరు కాగితంమీదనే ఉండిపోయింది. మంచి యంత్రం తోడులేక మూలపడి ఉండడం విజ్ఞానశాస్త్ర చరిత్రలో కొత్త సంగతి కాదు.

పీటర్ జెన్సన్ అనే డేనిష్ యువకుడు, ఎడ్విన్ ప్రిడమ్ అనే అమెరికన్ ఇంజనీరు కలిసి కాలిఫోర్నియాలోని నాపా అనే చిన్న పట్టణంలో ఒక ఇంట్లో ప్రయోగశాల పెట్టుకొన్నారు. 1915లో వారు తమ తీగచుట్ట పరికరానికి బాకా బిగించి, దానిని ఒక మైక్రోఫోనుకు కలిపినారు. కలిపీ కలపగానే గదంతా మారుమోగే కీచు అరుపు వినవచ్చింది. బాకాలోనుంచి వచ్చిన ధ్వని మైకులో దూరి, మరింత పెద్దదై మళ్ళీ బాకాలోంచి వెలువడి, మళ్ళీ మైకులో దూరి, ఇట్లా తిరుగుతూ పెరిగిపోయిందన్నమాట. ఈ అరుపు మన పందిళ్ళలో వినని రోజు లేదు. వారు బాకాను మైకుకు దూరంగా ఇంటి పైకప్పు మీదికి చేర్చినారు; అరుపు పోయి మాట మిగిలింది. పరికరంలో ఏ భాగమూ మారలేదు, చోటు మాత్రమే మారింది. స్పీకరు అరిస్తే తప్పు స్పీకరుది కాకపోవచ్చునని చెప్పే తొలి పాఠం ఇదే అనవచ్చు. నేటికీ వీడియో సమావేశంలో ఒకే గదిలో రెండు ఫోనులు తెరిచి ఉంచితే నాపా అరుపే వినిపిస్తుంది. ఒకదాని మైకునూ స్పీకరునూ కలిపి మూసినా, రెండింటికీ ఇయర్‌ఫోను తగిలించినా చాలు.

ఆ సంవత్సరం డిసెంబరు 24న శాన్‌ఫ్రాన్సిస్కో నగర భవనం ముందు వారి పరికరం బహిరంగంగా పాడింది. 1919లో శాన్‌డియాగోలో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ దాదాపు 50,000 మందికి వినబడేటట్లు దాని సాయంతోనే ప్రసంగించాడు.

వినబడడం వేరు, బాగా వినబడడం వేరు. ఆనాటి బాకాలన్నీ ముక్కుతో మాట్లాడినట్లు మాట్లాడేవి. ప్రతి పొరకూ తనకు ఇష్టమైన ఒక స్వరం ఉంటుంది. గుడిగంటను ఎక్కడ కొట్టినా ఒకే స్వరం పలికినట్లు, పొర కూడా తన సహజ పౌనఃపున్యం వద్ద అతిగా కంపిస్తుంది. దీనినే అనునాదం అంటారు. ఆనాటి టెలిఫోను పొరల అనునాదం సుమారు 1,000 హెర్ట్జ్ వద్ద, అనగా మాటకు నట్టనడుమ ఉండేది. అందువల్ల ఆ స్వరం ఒక్కటే పొంగి, తక్కినవి అణగిపోయేవి. అయితే ఎంత పొంగింది, ఎంత అణగింది అని చెప్పడానికి చెవి తప్ప వేరే కొలబద్ద లేదు. 1882లో లార్డ్ రేలే సన్నని దారానికి వేలాడదీసిన చిన్న పలుచని బిళ్ళతో ధ్వని తీవ్రతను కొలిచే పద్ధతి చెప్పాడు గాని, అది ప్రయోగశాల దాటి రాదగినది కాదు. 1917లో బెల్ టెలిఫోను సంస్థలలో పనిచేస్తున్న ఇ. సి. వెంట్ అనే శాస్త్రజ్ఞుడు కండెన్సరు మైక్రోఫోనును ప్రకటించాడు. అన్ని స్వరాలనూ దాదాపు సమానంగా అందుకొనే మైకు అది. దాని వలన స్పీకరు పలుకును గీతగా గీసి చూడడం సాధ్యమైంది. చెవి తీర్పు చెప్పవలసిన చోట గ్రాఫు కాగితం వచ్చి కూర్చున్నది.

ఆ గ్రాఫుల కాలంలోనే చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనే ఇద్దరు జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు 1925లో ఒక పత్రం ప్రకటించారు. ఈనాటి స్పీకరుకు జన్మపత్రం అదే. వారు చేసిన పని ఒక్కమాటలో చెప్పాలంటే అనునాదాన్ని దారినుండి తప్పించడం. పొరను వదులుగా వేలాడదీసి, దాని ఇష్టస్వరం పాటకు అడుగున, ఎవరికీ అడ్డురాని చోట ఉండేటట్లు చూసినారు. ఆ పైన ఉన్న స్వరాలకు పొర బరువే నియమం. స్వరం హెచ్చినకొద్దీ పొర వేగం తగ్గుతుంది. కాని స్వరం హెచ్చినకొద్దీ గాలికి శక్తిని అందించే సామర్థ్యం పెరుగుతుంది. ఈ తగ్గుదల, ఆ పెరుగుదల ఒకదానికొకటి సరిపోయి చాలా దూరం వరకు ధ్వని సమంగా వస్తుంది. ఇంత చక్కని లెక్క సహజంగా కుదరడం అరుదు. వారి పద్ధతిలో తయారైన రేడియోలా 104 అనే స్పీకరు తన ఆంప్లిఫయరుతోసహా 250 డాలర్లకు అమ్ముడైంది. ఆ రోజులలో అది చిన్న సొమ్ము కాదు.

రైస్, కెల్లాగ్‌లు గుర్తించిన రెండవ సంగతి ఇంకా ముఖ్యం. శంకువు ముందుకు వచ్చినప్పుడు దాని ముందు గాలి నొక్కుకొంటుంది, అదే క్షణంలో వెనుక గాలి పలచబడుతుంది. అడ్డు లేకపోతే ముందు గాలి అంచు చుట్టి వెనక్కి పోయి రెండూ రద్దవుతాయి. 100 హెర్ట్జ్ స్వరపు అలల పొడవు సుమారు 3.4 మీటర్లు, అటువంటి పెద్ద అలకు చిన్న శంకువు అంచు ఒక లెక్క కాదు. అందుకే పెట్టెలోంచి ఊడదీసిన స్పీకరు ఎంత మంచిదైనా డొల్లగా పలుకుతుంది. ఒక పలకకు రంధ్రం కోసి దానిలో బిగిస్తే గంభీర స్వరాలు తిరిగి వస్తాయి. కంప్యూటరు స్పీకర్ల జతలో ఒకదాని తీగలు తారుమారు అయినప్పుడు జరిగేదీ ఇదే. ఒకటి నెడుతుంటే రెండవది లాగుతుంది. మృదంగం ఎడమ మొగం నీరసించి, పాట ఎటునుండి వస్తున్నదో తెలియకుండా పోతుంది. చాలమంది దీనిని స్పీకరు పాతబడిన లక్షణంగా తీసుకొని కొత్తది కొంటారు. పరీక్షకు ఒక టార్చిలైటు సెల్లు చాలు. ఆంప్లిఫయరునుండి తీగలు విప్పి, 1.5 వోల్టుల సెల్లు ధన ధ్రువాన్ని స్పీకరు ధన కొనకు, ఋణ ధ్రువాన్ని రెండవ కొనకు ఒక్క క్షణం తాకించాలి. శంకువు ముందుకు రావాలి. రెండు స్పీకర్లలోనూ అదే దిశలో కదిలితే తీగలు సరిగ్గా ఉన్నట్లు. టిక్కుమని కూడా అనకపోతే తీగచుట్ట తెగినట్లు. పెద్ద శంకువులకే ఈ పరీక్ష. ఫోనులోని సున్నితమైన పొరమీద చేయరాదు.

కొలిచేవారికి గది ఒక బెడద. గోడలనుండి తిరిగివచ్చే ప్రతిధ్వని స్పీకరు పలుకుతో కలిసిపోతుంది. 1943లో హార్వర్డు విశ్వవిద్యాలయంలో లియో బెరనెక్ గోడలన్నిటికీ పీచు ముక్కోణాలు పొదిగి ప్రతిధ్వని లేని గదిని కట్టించాడు. 1967లో రిచర్డ్ హెయ్‌సర్ అటువంటి గది లేకుండానే పని జరిపించే ఉపాయం చెప్పాడు. సన్ననుండి హెచ్చుకు జారే స్వరాన్ని వినిపించి, నేరుగా వచ్చిన ధ్వనినే గ్రహించి ఆలస్యంగా వచ్చిన ప్రతిధ్వనిని విడదీయడం ఆ పద్ధతి. 2000లో ఇటలీకి చెందిన ఏంజెలో ఫరీనా జారుస్వరంతోనే స్పీకరు పలుకునూ, దాని వికృతినీ ఒకేసారి విడదీసి చూపించాడు. ఇంట్లో 20 నుండి 20,000 హెర్ట్జ్ వరకు జారే స్వరాన్ని కంప్యూటరులో మోగించి వినేవారు చేస్తున్నది ఈ పరీక్షకు సామాన్య రూపమే. జారుతూ జారుతూ ఒక్క చోట మాత్రం జుయ్యిమంటే అక్కడ ఏదో వదులైనట్లు. అది శంకువు చిరుగు కావచ్చు, మరమేకు కావచ్చు, బల్లమీది కళ్ళజోడు కూడా కావచ్చు. మొదట బల్ల ఖాళీ చేయడం మంచిది.

చెవిని అంతటితో కోర్టు బయటికి పంపివేయలేదు. 1933లో ఫ్లెచర్, మన్‌సన్‌లు చెవి అన్ని స్వరాలనూ ఒకే త్రాసులో తూచదని చూపించినారు. మెల్లని ధ్వనిలో 100 హెర్ట్జ్ స్వరం 1,000 హెర్ట్జ్ స్వరంతో సమానంగా వినబడాలంటే దానికి 20 డెసిబెల్లకు పైగా అదనపు బలం కావాలి. రాత్రివేళ తగ్గించి పెట్టిన పాటలో గాంభీర్యం పోవడానికి కారణం మన చెవే. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే పరిశోధకులు ఒకే స్పీకర్లను తెరవెనుక ఉంచి ఒకసారి, కంటికి కనబడేటట్లు ఒకసారి వినిపించి మార్కులు వేయించారు. కంటికి కనబడినప్పుడు చిన్నదీ, చవుకదీ అయిన స్పీకరుకు మార్కులు తగ్గినవి! అంగట్లో రెండు స్పీకర్లను పోల్చేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. బిగ్గరగా మోగేదే మంచిదిగా తోస్తుంది కనుక రెండింటి బిగ్గరతనం ముందు సమం చేయడం అవసరం.

కంప్యూటరు వచ్చాక తప్పు మరొక చోటికి జారింది. 1981 నాటి ఐబియం పీసీలో సుమారు 57 మిల్లీమీటర్ల చిన్న కాగితపు స్పీకరు ఒకటి ఉండేది. యంత్రం తన్ను తాను పరీక్షించుకొని అంతా బాగుంటే ఒక్కసారి బీప్ అనేది. స్పీకరును మనం పరీక్షించడం కాదు, స్పీకరు ద్వారా యంత్రం తన ఆరోగ్యం చెప్పుకొనేది. 1989లో సింగపూరులో పుట్టిన సౌండ్ బ్లాస్టరు కార్డు వచ్చాక పాటలు, మాటలు బయటి స్పీకర్లలోకి వచ్చినవి. వాటితోపాటు ఒకే రకంగా కనిపించే మూడు రంధ్రాలూ వచ్చినవి. ఆకుపచ్చ స్పీకరుకు, గులాబి మైకుకు, నీలం బయటి సంకేతానికి అన్న రంగుల ఏర్పాటు 1990ల చివర స్థిరపడింది. గులాబి రంధ్రంలో పెట్టిన స్పీకరు మోగదు. దానికి జబ్బేమీ లేదు. ఈనాడు రంధ్రాలు తగ్గి, ఆ పొరపాటు తెరమీదికి ఎక్కింది. ధ్వని మానిటరుకో, పక్కగదిలోని బ్లూటూత్ పెట్టెకో పోతూ ఉంటుంది. ఏ దారిన పోతున్నదో చూడడమే మొదటి పరీక్ష.

మోగుతున్నా గరగర వస్తే ధ్వనిని తగ్గించి చూడాలి. తగ్గించగానే గరగర పోతే, సంకేతాన్ని హద్దుమీరి పెంచినందువల్ల అలల శిఖరాలు తెగినవన్నమాట; కొన్ని ప్రోగ్రాములు నూటికి నూరుకు మించి కూడా పెంచనిస్తాయి. తగ్గించినా కొన్ని స్వరాల వద్ద గరగర నిలిచి ఉంటే స్పీకరును అనుమానించవచ్చు. ఎడతెగని గుమ్మనే నాదం ల్యాప్‌టాప్ చార్జరు ఊడదీయగానే ఆగితే అది ఇంటి 50 హెర్ట్జ్ కరెంటు దొంగదారిన వచ్చిన ఫలితం.

ఫోను స్పీకరుది మరొక కథ. స్వరం సగానికి తగ్గితే అదే బిగ్గరతనానికి పొర నాలుగు రెట్లు కదలాలి. చింతగింజంత పరికరానికి అంత చోటెక్కడిది? కొన్ని వందల హెర్ట్జ్‌లకు దిగువన అది దాదాపు మూగదే. అయినా 120 హెర్ట్జ్ మూలస్వరం గల పురుషుని గొంతు దానిలో పురుషుని గొంతుగానే వినిపిస్తుంది. 240, 360, 480 వద్ద ఉండే పై స్వరాలనుండి లేని మూలస్వరాన్ని మన వినికిడి తానే పూరించుకొంటుంది. 1841లోనే జర్మన్ శాస్త్రజ్ఞుడు సీబెక్ సైరనుతో ఈ విడ్డూరాన్ని గమనించాడు. కనుక ఫోనులో మృదంగం పలచగా ఉన్నదని మరమ్మతుకు ఇవ్వడం వృథా. కాని నిన్నటిదాకా బాగా మోగి ఈనాడు అణగిపోతే జాలీలో ధూళి, కొత్తగా తొడిగిన కవరు, వానలో చేరిన నీటిబొట్టు చూడాలి. మెత్తని ఎండు కుంచె చాలు; సూది పొడిస్తే జాలీ వెనుకనున్న పొర చిరుగుతుంది. నీటికి ఎదురు మందు స్పీకరే. 2016లో ఆపిల్ సంస్థ తన చేతిగడియారంలో నీరు చేరిన స్పీకరునే కంపింపజేసి నీటిని వెలికి నెట్టే ఏర్పాటు చేసింది.

ఇక ఎక్కువమందిని తికమక పెట్టేది బ్లూటూత్ ఇయర్‌ఫోను. పాట చక్కగా సాగుతూ, సమావేశంలో చేరగానే పాత టెలిఫోనులా ముక్కుతో పలుకుతుంది. పాట మోసే పద్ధతి వేరు, మాట మోసే పద్ధతి వేరు. మైకు తెరవగానే పాత ఏర్పాటుగల పరికరాలు రెండవదానికి మారి, మొదట వచ్చిన రకంలోనైతే సెకనుకు 8,000 నమూనాలు మాత్రమే పంపుతాయి. దానిలో 4,000 హెర్ట్జ్ దాటిన స్వరానికి చోటు లేదు. సెట్టింగులలో ఇయర్‌ఫోను మైకును వదలి కంప్యూటరు మైకునే ఎంచుకొంటే, సమావేశం నడుస్తుండగానే పాట మునుపటివలె నిండుగా వస్తుంది.