పాత మోటార్‌సైకిల్: సొంత సర్వీసింగ్

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బండికి ఆయిల్ మార్చడం, చైన్ లూజు తీయడం, బ్రేకులు సెట్ చేసుకోవడం, ప్లగ్గు చూసుకోవడం వంటి పనులను షెడ్డుకు ఇవ్వకుండా సొంతదారే చేసుకోవడం సొంత సర్వీసింగ్. కొత్త బండితో కంపెనీ పుస్తకం వస్తుంది, సర్వీసుల లెక్క ఉంటుంది. పాత బండికి ఆ లెక్క దొరకదు. చివరిసారి ఆయిల్ ఎప్పుడు మార్చారో అమ్మినవారికే గుర్తుండదు, మీటరు చూపే కిలోమీటర్లనూ నమ్మలేం. కాబట్టి కొన్న వెంటనే ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు, బ్రేక్ షూలు ఒకసారి చూసి, అవసరమైనవి మార్చి, ఆ తేదీని, మీటరు రీడింగును నోటుబుక్కులో రాసుకోవాలి. ఆ పేజీయే ఇకమీదట బండి చరిత్ర.

ఈ పని నేర్చుకోవడానికి మన ఊళ్లలో హీరో హోండా స్ప్లెండర్‌ను మించిన బండి లేదు. 1985 నాటి సీడీ 100 బాటలో 1994లో వచ్చింది. రెండు కంపెనీలు విడిపోయాక, 2011 నుంచి హీరో మోటోకార్ప్ పేరుతో అమ్ముతున్నారు. బోరు 50 మి.మీ., స్ట్రోకు 49.5 మి.మీ., మొత్తం 97.2 సీసీ. గాలికి చల్లబడే ఒకే సిలిండరు దాదాపు పడుకున్నట్టు ఉంటుంది, ప్లగ్గూ ట్యాపెట్ మూతలూ సులువుగా చేతికందుతాయి. చిన్న ఊరి దుకాణంలోనూ పార్టులు దొరుకుతాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలో కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. వాటిలో కొన్ని లోపాలు పట్టుకోవడానికి స్కానర్ కావాలి. అందుకే చేయి తిరగడానికి అంతకుముందటి మోడళ్లు మేలు.

ఆయిల్

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఇదే. బండిని రెండు మూడు నిమిషాలు నడిపి ఆపితే ఆయిల్ పలచబడి, అడుగున ఉన్న మడ్డితో సహా దిగుతుంది. డబల్ స్టాండు వేసి, కింద వెడల్పాటి పళ్లెం పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పాలి. బోల్టు ఉక్కుది, అది బిగిసే ఇంజిన్ కేసు అల్యూమినియంది. పొడవాటి పానా వేసి బలంకొద్దీ బిగిస్తే కేసు మర పోతుంది, అప్పుడు లేత్ షాపుకు పరుగు తీయక తప్పదు. వాషర్ కొత్తది వేసి, మొదట వేళ్లతోనే మర పట్టించి, చివర్లో మాత్రమే పానా వాడాలి.

కొత్త ఆయిల్ డబ్బా మీద 10డబ్ల్యూ30తో పాటు జాసో ఎంఏ గుర్తు ఉండాలి. ఈ బండ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి పనిచేస్తాయి. రాపిడి తగ్గించే మందులు కలిపిన కారు ఆయిల్ పోస్తే ప్లేట్లు జారి, రేజు పెరిగినా బండి లాగదు.

స్ప్లెండర్‌లో కార్లలోలా మార్చిపారేసే కాగితపు ఆయిల్ ఫిల్టర్ లేదు. కుడివైపు కవరు లోపల ఒక జాలీ, క్రాంక్‌తో పాటు తిరుగుతూ మడ్డిని అంచుకు విసిరే సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్ ఉంటాయి. అవి తీయాలంటే కవరు విప్పి కొత్త గ్యాస్కెట్ వేయాలి కాబట్టి చాలా షెడ్లలో వాటిని ముట్టుకోరు. కొన్న కొత్తలో ఒక్కసారైనా వాటిని కడిగించాలి. పాత బండికి ఇంతకంటే ఉపయోగపడే ఖర్చు మరొకటి లేదు.

చైన్, బ్రేకులు

స్ప్లెండర్ చైన్ పూర్తి కేసులో ఉంటుంది. దుమ్ము పడకపోవడం దాని మేలు, కంటికి కనిపించక మరచిపోవడం దాని చెరుపు. కేసుకున్న రబ్బరు మూత తీసి చైన్‌ను పైకీ కిందికీ కదిపితే లూజు తెలుస్తుంది. యాక్సిల్ నట్టుతో పాటు స్ప్రాకెట్ వైపు స్లీవ్ నట్టునూ వదులు చేసి, రెండువైపులా అడ్జస్టర్లను ఒకే గుర్తుకు తేవాలి. ఒక వైపు ఎక్కువైతే వెనక చక్రం వంకర పోతుంది. చైన్ లాగాక వెనక బ్రేకు పెడలు ఆట మారుతుంది, దాన్నీ సరిచేశాకే రోడ్డెక్కాలి. స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే చైన్ ఒక్కటే మార్చి లాభం లేదు, సెట్టంతా మార్చాలి.

డ్రమ్ము బ్రేకులో షూ అరుగుదల విప్పకుండానే తెలుస్తుంది. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు ఆర్మ్ దగ్గరి బాణం ప్లేటు మీది గీతను తాకితే షూలు అయిపోయినట్టే. డ్రమ్ములోని పొడిని నోటితో ఊదకూడదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడిగుడ్డతో తుడవాలి.

పొగ, ప్లగ్గు

ఇంజిన్ లోపలి సంగతి ప్లగ్గు చెబుతుంది. కొన లేత గోధుమరంగులో ఉంటే మంట సరిగా ఉంది. పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుంది. తడిగా, ఆయిల్ జిడ్డుతో ఉండి సైలెన్సర్ నీలిపొగ కొడితే రింగులో వాల్వ్ సీళ్లో అరిగాయి. నీలిపొగ కొట్టే బండికి ఎంత మంచి ఆయిల్ పోసినా పొగ ఆగదు. బోరు చేయించడం, క్రాంక్ బేరింగులు మార్చడం, వంగిన ఫోర్కు సరిచేయడం అనుభవమున్న మెకానిక్‌కే వదలాలి.

20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు ఇప్పుడు దేశమంతా వస్తోంది. దాన్ని దృష్టిలో పెట్టుకోకుండా తయారైన పాత పెట్రోలు పైపులు, కార్బురేటర్ రబ్బర్లు త్వరగా పాడుకావచ్చు. పైపు పగిలినా, ఉబ్బి మెత్తబడినా ఆలస్యం చేయకుండా మార్చాలి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోకూడదు.

టైరు పక్కన ముద్రించిన నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు లోతుగానే ఉన్నా పక్కలు బీటలిస్తే ఆ టైరుతో దూర ప్రయాణం చేయకూడదు. ఒక్కరే నడిపితే ముందు టైరుకు 25, వెనక టైరుకు 28 పీఎస్‌ఐ గాలి ఉండాలి, వెనక మనిషి కూర్చుంటే వెనక టైరుకు పెంచాలి.

తీసిన ఆయిల్‌ను కాలువలో పోయడం, చెదలు పట్టకుండా గుంజలకు పూయడం ఇప్పటికీ చూస్తాం. 2016 నాటి నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. మూత బిగిసే డబ్బాలో నిలవచేసి, వాడిన ఆయిల్ సేకరించేవారికి పంపే సర్వీస్ సెంటర్‌లో ఇవ్వాలి.