ఆప్తవాక్యమును ఉపపత్తియు: 39 అంకెల ప్రధానసంఖ్య

ఒకటియుఁ దానును దప్ప వేఱు కారణాంకములు లేని సంఖ్య ప్రధానసంఖ్య. ఛందశ్శాస్త్రమునందలి ప్రస్తారమున నొక్కొక్క యక్షరము పెరిగినకొలఁది వృత్తసంఖ్య రెట్టింపగుట పండితు లెఱిఁగినదే. 26 అక్షరముల యుత్కృతిచ్ఛందమున వృత్తములు 6,71,08,864. ఇట్లు రెంటిని రెంటితోఁ బలుమాఱులు హెచ్చవేసి, లబ్ధమునుండి యొకటి తీసివేయఁగా వచ్చువానికి మెర్సెన్ సంఖ్యలని పేరు. అయిదు రెండులను హెచ్చవేయఁగా 32; ఒకటి తీయఁగా 31; ఇది ప్రధానము. పదునొకండు రెండులవలన వచ్చు 2047 మాత్రము 23, 89 అనువాని లబ్ధము.

ఫ్రాన్సుదేశపు క్రైస్తవసన్న్యాసియగు మరేన్ మెర్సెన్ 1644లో నొక పట్టికను బ్రకటించెను. ఘాతాంకము 257 దాఁటనంతవఱకు 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అనునవి మాత్రమే ప్రధానముల నిచ్చునని యాతని వాక్యము. ఉపపత్తిని జూపలేదు. దీని నాప్తవాక్యముగాఁ గైకొనవచ్చునా యను ప్రశ్న తీఱుటకు మూఁడువందలయేండ్లు పట్టెను.

1772లో ఆయిలర్ పండితుఁడు 31వ ఘాతమువలన వచ్చు 2147483647 ప్రధానమని నిర్ణయించెను. కారణాంకము కాఁదగిన సంఖ్యల రూపమును ముందుగా నేర్పఱచికొని, 46,340 దాఁటని యట్టి ప్రధానములతో భాగించి చూచుట యాతని మార్గము. 127వ ఘాతమున కిది చెల్లదు. ఆ సంఖ్య 170141183460469231731687303715884105727. దీని వర్గమూలమే 20 అంకెలు గలది. భాగించుచుఁ బోయిన నెన్ని జన్మములకును దీఱదు.

1876లో ఎడ్వార్ లూకా యను ఫ్రెంచి గణితజ్ఞుఁడు కారణాంకములను వెదకుటయే మానెను. 1930లో లెహ్మర్ సరళపఱచిన రూపమున నాతని పరీక్ష యిట్టిది. ఘాతాంకము బేసి ప్రధానమై యుండవలెను. 4తో మొదలిడి, వర్గించి, 2 తీసివేసి, పరీక్షింపఁబడు సంఖ్యచే భాగించి, శేషమును గ్రహించి, మరల నట్లే చేయవలెను. ఘాతాంకమునకు రెండు తక్కువ మాఱులు చేసిన పిమ్మట శేషము సున్నయైనచో సంఖ్య ప్రధానము, కానిచో సంయుక్తము. 31 విషయమున 4 పిదప 14. అటుపిమ్మట 194, దాని శేషము 8. పిదప 62, దాని శేషము సున్న. మూఁడుమాఱులతో నిర్ణయమైనది. 127వ ఘాతమునకు 125 మాఱులు చాలును.

లూకా 127ను సమర్థించెను, 67ను ఖండించెను. కారణాంక మొక్కటియుఁ గనఁబడకయే సంయుక్తత్వము తేలుట యిందలి విశేషము. 1903లో కోల్ అను అమెరికాపండితుఁడు 193707721, 761838257287 అను కారణాంకములను జూపి యా ఖండనమును బ్రత్యక్షము గావించెను. 257 చెల్లదనియు, 61, 89, 107 పట్టికలోఁ జేరవలసియుండెననియుఁ దేలెను. 1947 నాఁటికి శోధన ముగిసెను, దోషము లైదు.

లూకా సంఖ్య 1951 వఱకుఁ దెలిసిన ప్రధానములలోఁ బెద్దదిగా నిలిచెను. 2024లో వెల్లడియైన 4,10,24,320 అంకెల ప్రధానమును సైత మీ పరీక్షయే స్థిరపఱచెను. ఈ సంఖ్యలకు మెర్సెన్ పేరు నిలిచినది. ప్రామాణ్యము మాత్ర ముపపత్తి గలిగినవానికే దక్కినది.