మూర్ఛ వ్యాధి: చేతిలో తాళంచెవి కాదు, వేళకు మందు

మన ఇళ్లలో మూర్ఛ, ఫిట్స్ అంటాం. ఇరుగుపొరుగు తమిళంలో వలిప్పు అంటారు. పేరు ఏదైనా జబ్బు ఒకటే. మెదడులోని విద్యుత్ సంకేతాలు ఒక్కసారిగా అదుపు తప్పితే ఫిట్స్ వస్తుంది. ఇది గాలీ ధూళీ కాదు, అంటువ్యాధీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. సరైన చికిత్స అందితే వారిలో 70 శాతం వరకు ఫిట్స్ లేకుండా బతకగలరు.

అందరూ కింద పడి కొట్టుకోరు. కొందరు పిల్లలు కొన్ని క్షణాలు కళ్లప్పగించి ఉండిపోతారు. కొందరు పెద్దలు మాట మధ్యలో ఆగి పెదవులు చప్పరిస్తారు. పరధ్యానమని కోప్పడే ముందు డాక్టరుకు చూపించండి. వీలైతే ఫోన్‌లో వీడియో తీసి ఉంచండి, జబ్బును గుర్తించడానికి అది బాగా పనికొస్తుంది.

ఫిట్స్ వచ్చినప్పుడు

1. గడియారం చూడండి. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి.
2. దగ్గరున్న గట్టి వస్తువులు తీసేసి, తల కింద మెత్తటి బట్ట పెట్టండి. మెడ దగ్గర బిగుతు వదులు చేయండి.
3. కొట్టుకోవడం తగ్గగానే పక్కకు ఒత్తిగించి పడుకోబెట్టండి.
4. కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోవద్దు. నోట్లో చెంచా, వేలు, నీళ్లు ఏవీ పెట్టవద్దు.
5. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా, మొదటిసారి వచ్చినా, గర్భిణికి వచ్చినా, దెబ్బ తగిలినా 108కి ఫోన్ చేయండి.

తాళంచెవి పట్టిస్తే తగ్గిందంటారు. ఇనుము వల్ల తగ్గలేదు, తగ్గే వేళకు తగ్గింది.

కారణం, చికిత్స

తలకు దెబ్బ, పక్షవాతం, కాన్పులో బిడ్డకు ఊపిరి అందకపోవడం వంటివి కారణాలు. చాలామందిలో కారణం తెలియదు. బద్దెపురుగు గుడ్లు కడుపులోకి చేరినా మెదడులో తిత్తులు ఏర్పడి ఫిట్స్ రావచ్చు. సరిగా కడగని ఆకుకూరల ద్వారా శాకాహారులకూ ఇవి చేరతాయి.

ఫిట్స్ ఆగాయని మాత్రలు మానకూడదు. సాధారణంగా కనీసం రెండేళ్లు ఫిట్స్ లేకుండా గడిచాకే తగ్గించే మాట, అదీ డాక్టరు చెబితేనే. వాల్‌ప్రోయేట్ మందు గర్భంలోని బిడ్డకు హాని చేయవచ్చు. అందుకే గర్భం ధరించకముందే మందుల గురించి డాక్టరుతో మాట్లాడాలి, సొంతంగా ఆపకూడదు. మందులకు లొంగని మూర్ఛకు కొందరిలో శస్త్రచికిత్స ఫలిస్తుంది. తిరువనంతపురం శ్రీ చిత్రా సంస్థలో 1995 నుంచి చేస్తున్నారు.

పెళ్లి మాట

1976లో హిందూ వివాహ చట్టంలో మూర్ఛను పెళ్లికి అడ్డంకిగా చేర్చారు. 1999 సవరణతో ఆ మాట తీసేశారు. నేడు మూర్ఛ పెళ్లికి చట్టపరంగా అడ్డంకి కాదు. అయినా సంబంధం చెడుతుందని దాచే ఇళ్లు ఉన్నాయి. దాచి పంపిన అమ్మాయి అత్తవారింట్లో మాత్రలు మింగడానికి భయపడుతుంది. మందు తప్పితే ఫిట్స్ తిరిగి వస్తాయి, కోర్టు గొడవలూ రావచ్చు. నిశ్చితార్థానికి ముందే ఇరువైపులా డాక్టరు దగ్గర కూర్చుని మాట్లాడుకోవడం మేలు. బడిలో టీచరుకు, పనిచేసే చోట ఒకరిద్దరికి చెప్పి ఉంచితే, అవసరమైనప్పుడు వారే ఆదుకుంటారు.